అవ్వ గడ్డం మీది చుక్కకు అర్థం కట్టే విధానం

దామరచర్ల మండలంలో తండాలకు కరువు లేదు. మిర్యాలగూడలో అద్దంకి రోడ్డు పట్టుకుని వాడపల్లి దగ్గర కృష్ణ దాటేలోపు ఎటు మళ్ళినా ఏదో ఒక తండా తగులుతుంది. అక్కడ వయసు మళ్ళిన లంబాడా ఆడవాళ్ళలో చాలామందికి గడ్డం మీదో, కణత మీదో, ముంజేతి మీదో పచ్చబొట్లుంటాయి. వాటి "సాంస్కృతిక అర్థం" మీద వ్యాసం రాయాలని ఉబలాటపడే కుర్రవాళ్ళ కోసం నా అనుభవంలో తేలిన చిట్కాలు ఇవి.

అర్థం ఇంట్లోనే తయారు చేసుకుని బయలుదేరండి. మూడు చుక్కలుంటే త్రిమూర్తులు. అయిదుంటే పంచభూతాలు. తొమ్మిదుంటే నవగ్రహాలు. నాలుగుంటేనే కాస్త ఇబ్బంది. నాలుగు దిక్కులు అనేయండి, లేదా ఒకటి చెరిగిపోయిందని రాయండి. (పచ్చబొట్టు చెరగదన్న సంగతి ఎడిటరుగారికి ఆ పూట గుర్తు రాకపోవచ్చు.) తేలు కనిపిస్తే "ప్రకృతితో మమేకం" అనండి. ఈ ముక్క ఏ బొమ్మకైనా అతుకుతుంది.

పొరపాటున కూడా పచ్చబొట్టున్న మనిషిని అడగకండి. నేను అడిగి దెబ్బతిన్నాను. "ఎందుకు పొడిపించుకున్నవ్ అవ్వా?" అంటే, "మా అక్క పొడిపిచ్చుకున్నది. నాకూ కావాలెనని ఏడ్చిన. పొడుస్తుంటే ఇంకా ఏడ్చిన" అంది. దీంతో వ్యాసం ఎలా నిలబడుతుంది? "సామాజిక ఐక్యతా భావన" అని రాసుకుని వచ్చాను. కాసేపు ఆగితే ఇంకో మాట కూడా అంది. చచ్చినంక ఒంటిమీద వెండీ బంగారం అన్నీ ఊడదీసే పంపిస్తరు, ఇదొక్కటి ఎవరూ తియ్యలేరు అని. గోండుల నుంచి బైగాల దాకా చాలామంది గిరిజనులు ఈ మాటే చెబుతారు. మన పల్లెల్లో రైతు కుటుంబాల ముసలమ్మలూ చెబుతారు. మొగుడు పోతే ఆడదాని బొట్టు తీస్తారు, గాజులు తీస్తారు, లంబాడాల్లోనైతే మోచేతి పైన వేసుకునే గాజులూ తీస్తారు. పచ్చబొట్టు జోలికి మాత్రం ఎవరూ రాలేరు. లోకం లాక్కోలేని నగ ఆమెకు ఇదొక్కటే. అయితే ఇలాంటివి మీ వ్యాసంలో పెట్టకండి. ఫోటో కింద ఒక లైనులో ఇమడవు, పైగా చదివేవాడు ఆలోచనలో పడతాడు.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త: పొడిచిందెవరో ఆరా తీయకండి. తీశారా, మీ శీర్షికే కూలిపోతుంది. ఈ ప్రాంతంలో పచ్చ పొడిచే పని ఎక్కువగా ఎరుకల ఆడవాళ్ళది. బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి సోది చెప్పేదీ వాళ్ళే, సూది పట్టేదీ వాళ్ళే. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన ఏడు సంపుటాల్లో కొరవల గురించి, అంటే మన ఎరుకల వాళ్ళ గురించి, ఈ సంగతి ఎప్పుడో రాసిపెట్టాడు. రెండు మూడు సూదులు కలిపి కట్టి, దీపపు మసిని గుంటగలగరాకు రసంతోనో చనుబాలతోనో నూరి పొడిచి, పైన పసుపు రాసేవారు. కూలి గింజలో పాత చీరో. ఆ ఎరుకలామె తండాలో లంబాడా పిల్లకు పొడిచిన తేలునే ఊళ్ళో మాదిగ పిల్లకూ, కాపు పిల్లకూ పొడిచింది. ఇక అది ఎవరి "గిరిజన చిహ్నం"? పొడిచినామె గిరిజనురాలే, కానీ వేరే తెగ. కాబట్టి ఎరుకలామె పేరెత్తకండి. ఇలాంటి వ్యాసాల్లో సాధారణంగా ఎవరూ ఎత్తరు, మిమ్మల్నీ తప్పు పట్టరు.

చేతిమీద అక్షరాలుంటే "నిరక్షరాస్యత నుంచి అక్షరం వైపు" అని రాయండి. అది మొగుడి పేరని మాత్రం చెప్పకండి. మొగుడి పేరు నోటితో అనకూడదని కట్టడి చేసిన ఊళ్ళోనే అదే పేరు ఆమె ముంజేతి మీద ఉంటుంది. పేరేమిటని అడిగిన గుమస్తా ముందు మాట్లాడకుండా చెయ్యి చాపితే చాలు. కట్టడి మీరినట్టూ కాదు, పాటించినట్టూ కాదు. ఇంత తెలివికి మీరు అర్థం చెప్పబోతే మీ తెలివి బయటపడుతుంది.

రంగు గురించి అడిగితే "అడవి పచ్చదనానికి ప్రతీక" అని కొట్టేయండి. నిజానికి అది మసి, చాలావరకు కర్బనం. వీర్లపాలెం దగ్గర 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం పొయ్యిలో వేసే బొగ్గుకు దూరపు చుట్టం. చర్మం లోపొరలో ఈ మసి నల్లగానే ఉంటుంది. పైపొర గుండా వెలుతురు చెదిరి రావడం వల్ల మన కంటికి పచ్చగా, నీలంగా కనిపిస్తుంది. ఒంట్లోని రక్షక కణాలు ఆ మసిని మింగి అరిగించుకోలేక అలాగే పట్టుకుని కూర్చుంటాయి. ఒక కణం చస్తే పక్క కణం అందుకుంటుంది. 2018లో ఫ్రాన్సులో ఎలుకల మీద చూసి తేల్చిన సంగతి ఇది. ఆల్ప్స్ మంచులో 1991లో దొరికిన అయిదువేల ఏళ్ళనాటి మనిషి ఒంటిమీద అరవై ఒక్క గుర్తులున్నాయి, అవీ మసివే. చాలావరకు నడుము, మోకాళ్ళు, చీలమండల దగ్గర ఉండటం చూసి నొప్పికి వైద్యమనుకున్నారు. మన ఊళ్ళలో కీళ్ళనొప్పికి పచ్చ పొడిపించుకున్నవాళ్ళుంటే మీరు మాత్రం వ్యాసం రాయకండి.

మీరే ఒకటి వేయించుకోవాలనుకుంటే టౌనులో టాటూ దుకాణానికెళ్ళి, కేటలాగులో "ట్రైబల్" అన్న పేజీ తెరవమనండి. బోర్నియో, పాలినేషియా దీవుల తీరును చూసి అమెరికా దుకాణాలు మలిచిన నల్లని కొక్కేల బొమ్మలుంటాయి. భుజం నిండా వేయించుకుని "ఇది మన తండాల కళ" అని చెప్పండి. టాటూ అన్న మాట కూడా ఆ దీవుల "టటౌ" నుంచే వచ్చింది గనక అబద్ధంలో కాస్త నిజం ఉన్నట్టే. జాతరలో మిషనుతో వేసేవాడి దగ్గరైతే సూది మార్చమని అడగకండి, నొచ్చుకుంటాడు. హెపటైటిస్ బి వస్తే దానికీ ఒక అర్థం చెప్పుకోవచ్చు.

చివరి సంగతి నాకు జరిగిన అవమానం. ఆ అవ్వ చెయ్యి పట్టుకుని, దాని మీదున్న తేలుకు అర్థమేమిటని మూడోసారి అడిగాను. ఆమె నా టీషర్టు మీద ఎడమవైపున్న బొమ్మను వేలితో తాకి, "ఈ మొసలి ఎందుకు కొడుకా? మీ కులపు గుర్తా, దిష్టికా?" అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు జవాబు కోసం నిజంగానే చూశారు. కొన్నప్పుడు షాపువాడు చెప్పలేదు, నేను అడగలేదు.

మీరు వెళ్ళేముందు మీ అంగీ మీద ఏముందో ఒకసారి చూసుకుని వెళ్ళండి. అడుగుతారు.