సారెపెట్టె

నన్ను 1969లో గుంటూరు పట్నం బజారులో కొన్నారు. ఇనప రేకు ఒళ్ళు, పచ్చరంగు, మూత మీద రెండు గులాబీలు. రంగు ఎప్పుడో పెచ్చులూడింది. గులాబీల్లో ఒకటి తుప్పులో కలిసిపోయింది. గొళ్ళెం మాత్రం ఇప్పటికీ గట్టిదే. 17 ఏళ్ళ పిల్లకి సారెగా నన్ను ఎడ్లబండి ఎక్కించి, పర్చూరుకీ చిలకలూరిపేటకీ మధ్య నల్లరేగడిలో ఉన్న అత్తవారింటికి పంపారు. వానకి ఇరుసుదాకా బురద. బండి దిగుతూ తూలి, మొగుడి చెయ్యి పట్టుకోవడానికి సిగ్గుపడి, నా చెవి పట్టుకుని నిలదొక్కుకుంది. ఆ పిల్లకి ఇప్పుడు 73 దాటాయి. ఊరంతా మామ్మా అంటారు. నాకు మాత్రం పిల్లే.

పడమటింటి మూల నన్ను పెట్టిన చోటు నుంచి నేను కదల్లేదు గానీ జిల్లాలు కదిలాయి. నేను వచ్చేసరికి అది గుంటూరు జిల్లా. మరుసటేడు, 1970లో, ఒంగోలు జిల్లా అన్నారు. 1972లో దానికే ప్రకాశం అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా అయింది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో పోలీసు స్టేషను దగ్గర తెలుస్తుంది.

మొదట్లో నాలో ఉన్నవి పట్టుచీర, కుంకుమ భరిణె, కర్పూరం బిళ్ళలు. తర్వాత తర్వాత కాగితాలు చేరాయి. పట్టాదారు పాస్‌బుక్కు, మిర్చియార్డులో అమ్మకం లెక్క రాసిచ్చే తక్‌పట్టీలు, ఏసీ బాండ్లు, ప్రోనోట్లు. (ఏసీ అంటే చల్లటి గది అనుకునేరు. మా వైపు ఏసీ అంటే మిరపకాయల టిక్కీలు దాచే కోల్డ్ స్టోరేజీ.) 1987లో పత్తి మీద తెల్లదోమ పడి, కొట్టిన మందుకల్లా అది ఇంకా పెరిగి, ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో రైతులు ఆ మందే తాగి పోయిన ఏడు నాలో పురుగుమందుల బిల్లులు తప్ప మరేం లేవు. పిల్ల భర్త బతికి బయటపడ్డాడు. పత్తి మానేసి మిరప వేశాడు. మిరప కలిసొచ్చింది.

కలిసొచ్చిన డబ్బే 1994లో పోయింది. సరుకు అమ్మిన డబ్బు ఇంటికి తెచ్చుకోకుండా, ఏళ్ళ తరబడి తెలిసిన వ్యాపారి దగ్గరే నూటికి రెండు రూపాయల వడ్డీకి వదిలేసి ప్రోనోటు రాయించుకోవడం అప్పట్లో మామూలు. ఒకరోజు తెల్లవారేసరికి ఆయన ఐపీ పెట్టాడన్నారు. ఈ రెండక్షరాలకి మా ప్రాంతంలో వివరణ అక్కర్లేదు. అయినా దూరపు పాఠకులుంటారు కాబట్టి చెబుతాను. 1920 నాటి దివాలా చట్టం కింద, నా అప్పులు తీర్చలేను మహాప్రభో అని అప్పున్నవాడు కోర్టులో వేసే పిటిషన్ అది. నిజంగా చితికిపోయినవాడూ వేస్తాడు. ఆస్తులన్నీ బావమరిది పేర రాసేసి, తీరిగ్గా వేసినవాడూ ఉంటాడు. డబ్బిచ్చిన ప్రతివాడికీ కోర్టు నుంచి నోటీసు వస్తుంది.

ఆ నోటీసు వచ్చిన రోజు పిల్ల కల్లంలో ఉంది. ఆయన ఒక్కడే కవరు విప్పి చదివి, మళ్ళీ మడిచి, నా మూత ఎత్తి, పట్టుచీర కింద పాత పేపరుంటుంది చూడండి, దాని కింద పెట్టాడు. రాత్రి భోజనాల దగ్గర, "ధర పడిపోయింది, సరుకు ఏసీలో పెట్టాను" అన్నాడు. అంతే. వాయిదాకి వెళ్ళలేదు. ఆ వ్యాపారి అంతకు ఏడాది ముందే పొలం బావమరిదికి రాశాడని ఊరంతా చెప్పుకున్నారు. పిటిషన్‌కు ముందు రెండేళ్ళ లోపు అలా ఉత్తుత్తిగా రాసిచ్చినవాటిని రద్దు చేయమని కోర్టు నియమించిన రిసీవరు అడగొచ్చు. కానీ ఆ సంగతి అప్పిచ్చినవాళ్ళు వెళ్ళి నోరు విప్పి చెబితేనే గదా. చేతిలో ప్రోనోటు ఉందన్న ధీమా కూడా మూడేళ్ళే. ఆలోగా దావా వేయకపోతే, లేదా కొంతైనా తీసుకుని నోటు వెనక చెల్లు రాయించకపోతే, కాలదోషం పడుతుంది. ఆయన ప్రోనోటు 1996లో నాలోనే, నా కళ్ళముందే చిత్తుకాగితం అయింది. ఎందుకు వెళ్ళలేదంటే, కోర్టు గుమ్మం ఎక్కితే మోసపోయినట్టు నలుగురికీ తెలుస్తుంది. పంటకి ధర రాలేదంటే ఎవరూ నవ్వరు. ఆయన 2009లో పోయాడు. ఆ కవరు సంగతి ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. పెట్టెల పని అదే అనుకున్నాను.

ఐపీ దెబ్బ వల్ల మాకు ఒక మేలు జరిగింది. అగ్రిగోల్డ్‌లో కట్టడానికి ఇంట్లో డబ్బు లేకపోయింది. 1995లో పుట్టిన ఆ కంపెనీ ప్లాటో డబ్బో ఇస్తామని ఊరూరా వాయిదాల్లో కట్టించుకుంది. ఏజెంట్లు ఎక్కణ్ణుంచో రాలేదు. మేనల్లుళ్ళు, తోడికోడళ్ళు, బడిపంతుళ్ళు. కంపెనీ చేతులెత్తేసి, 2015 జనవరిలో కేసు సీఐడీ చేతికి వెళ్ళాక ఈడీ తేల్చిన లెక్క 32 లక్షల ఖాతాలు, సుమారు 6,380 కోట్లు. మా అరుగు మీద ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి మాట్లాడుకున్న మాటలన్నీ నేను విన్నాను. కొందరు తిట్టుకుని బాండ్లు పొయ్యిలో పెట్టారు. కొందరు ఖాతాదారులు, ఏజెంట్ల సంఘంతో కలిసి ధర్నాలకు తిరిగారు. డిపాజిటర్ల కోసం 1999లోనే రాష్ట్రం ఒక చట్టం చేసిందనీ, దాని కింద కంపెనీ ఆస్తులు జప్తు చేసి అమ్మొచ్చనీ ఆ తిరగడంలోనే నేర్చుకున్నారు. చినకాకాని దగ్గర బస్సులోంచి కనబడే హాయ్‌ల్యాండ్ కూడా ఆ ఆస్తుల్లోదేనని వాళ్ళే చెప్పారు.

2019 నవంబరు 7న, గుంటూరులోనే సభ పెట్టి, పది వేల లోపు కట్టినవాళ్ళకి ప్రభుత్వం చెల్లింపులు మొదలుపెట్టింది. 3 లక్షల 70 వేల మందికి దాదాపు 264 కోట్లు. 2021 ఆగస్టు 24న ఇరవై వేల లోపు వాళ్ళకి మరో 666 కోట్ల పైచిలుకు. 2025లో ఈడీ తాను జప్తు చేసిన ఆస్తుల్లో మూడు వేల కోట్లకు పైగా విలువైనవి బాధితుల కోసం వదిలింది. పెద్ద మొత్తాలు కట్టినవాళ్ళు ఇంకా ఎదురుచూస్తున్నారనుకోండి. నాకు గుర్తుండిపోయింది అంకెలు కాదు. బాండు, రసీదులు, ఆధార్, బ్యాంకు పుస్తకం పాలిథిన్ కవర్లో చుట్టి, ఆ కవరు కొంగులో ముడేసుకుని గ్రామ సచివాలయం వైపు నడిచిన ముసలమ్మలు. వాళ్ళ ఇళ్ళల్లోని పెట్టెలని తల్చుకుని నాకు కొంచెం అసూయ కలిగింది.

ఇక 2025 జూలై.

2023లో తేజ రకం క్వింటాలు 20 వేలు దాటిన ఏడు పిల్ల ఆఖరిసారి సొంతంగా మిరప వేయించింది. ఆ డబ్బు ఎఫ్‌డీ చేసి పొలం కౌలుకిచ్చింది. కొడుకు హైదరాబాదులో. ఇంట్లో ఆమె, నేను, ఒక స్మార్ట్‌ఫోను. ఒక సోమవారం ఆ ఫోనులో వీడియో కాల్ వచ్చింది. రెండు చేతులూ ఖాళీగా ఉండాలన్నాడట, ఫోను తెచ్చి నా గొళ్ళేనికి ఆనించి నిలబెట్టింది. అందుకని ఆ దొంగ ముఖం నేను చూడలేదు. ఫోను వీపు నా వైపు. నాకు గొంతు వినబడింది, పిల్ల ముఖం కనబడింది.

"మీ ఆధార్‌తో ముంబయిలో ఖాతా తెరిచారు. అందులో దొంగడబ్బు పడింది. మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు. కాల్ కట్ చేస్తే మీ ఊరి పోలీసులు వస్తారు. మీ అబ్బాయికి చెప్పారో, అతన్నీ లోపల వేస్తాం."

మొదటి నాలుగు మాటలకి ఆమె ముఖంలో అనుమానమే ఉంది. ఐదో మాటకి పోయింది. డిజిటల్ అరెస్టనేది చట్టంలోనే లేదని 2024 అక్టోబరు 27న ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పారు. ఆ రోజు మా ఇంట్లో టీవీ మోగుతూనే ఉంది, నేను విన్నాను. పిల్లా విన్నది. కానీ కొడుకు పేరు ఎత్తాక విన్నవేవీ గుర్తుకు రావు. ఒకసారి చెయ్యెత్తి, "అయ్యా, పొయ్యి మీద పాలు పెట్టాను, దించి రానా?" అని అడిగింది. తన వంటింట్లోకి తను వెళ్ళడానికి.

మంగళవారం ఆటోలో చిలకలూరిపేట వెళ్ళి ఎఫ్‌డీ విరిపించి 4,20,000 పంపింది. ఎవరికమ్మా ఇంత అని బ్యాంకులో అడిగారట. వాడు నేర్పినట్టే, మనవరాలి ఫీజు అంది. బుధవారం నా మూత ఎత్తి కాసులపేరు, నాలుగు గాజులు తీసింది. తాకట్టు పెట్టి 2,60,000 పంపింది. సాయంత్రం నాలుగింటికి, విచారణ ముగిసింది, డబ్బు తిరిగి వస్తుంది అని వాడు కాల్ కట్ చేశాడు. ఆరింటికి ఆ నంబరు పనిచేయలేదు.

(ఆ గొంతు మన యాసలో తెలుగే మాట్లాడింది. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కథ అరుగు మీద విన్నాను. ఉద్యోగమని చెప్పి మన కుర్రాళ్ళని కంబోడియా తీసుకెళ్ళి, గదుల్లో పెట్టి, ఇలాంటి ఫోన్లే చేయించారట. నా ఎదుట మాట్లాడినవాడు ఏ రకం వాడో నాకెలా తెలుస్తుంది? జాలిపడాలో శాపనార్థాలు పెట్టాలో కూడా తెలియలేదు. ఆ పూటకి శాపనార్థాలే పెట్టాను.)

దీపం కూడా వేయకుండా పిల్ల నా దగ్గరికొచ్చింది. బ్యాంకు చీటీలు రెండూ మడిచి, పట్టుచీర ఎత్తి, పాత పేపరు కిందికి చెయ్యి పోనిచ్చింది. అచ్చం ఆయనలాగే, అదే చోటికి. వేళ్ళకి కవరు తగిలింది. తీసి, గుమ్మం దగ్గర వెలుతురులోకి పట్టుకెళ్ళి, ఏడో తరగతి చదువుతో అక్షరం అక్షరం కూడబలుక్కుంది. వ్యాపారి పేరు, భర్త పేరు, మొత్తం, 1994 వాయిదా తేదీ. ధర పడిపోయిందన్న మాట ముప్ఫై ఏళ్ళుగా నమ్మిన మనిషి. చాలాసేపు అలాగే కూర్చుంది. ఏడవలేదు. తర్వాత లేచి, కవరూ చీటీలూ చేత్తోనే పట్టుకుని, నా మూత కూడా వేయకుండా పక్కింటికి వెళ్ళింది.

పక్కింటి మనవరాలు డిగ్రీ చదువుతోంది. "మామ్మా, తిట్టను గానీ ముందు సైబర్ నేరాల నంబరు 1930కి చేద్దాం" అంది. అవతలివాళ్ళు అడిగినవి ఏ బ్యాంకు, ఏ ఖాతా, ఎప్పుడు, ఎంత, డబ్బు పంపిన చీటీ మీది యూటీఆర్ నంబరు. ఆ నంబరు 22 అక్షరాలూ అంకెలూ. ఆ పిల్ల చదువుతుంటే మా పిల్ల వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఇంత పొద్దుపోయాక చేసి లాభమేమిటని అడిగితే, డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి దూకుతూ ఉంటుందనీ, ఫిర్యాదు అందితే ఆ క్షణానికి అది ఎక్కడుంటే అక్కడ ఆపుతారనీ చెప్పింది. మంగళవారం డబ్బు అప్పటికే చెల్లాచెదురైంది. బుధవారం దాంట్లో 1,95,000 ఏదో ఊళ్ళో ఎవరి ఖాతాలోనో ఆగింది. మామ్మ సిగ్గుతో ఆ వాట్సాప్ మాటలన్నీ చెరిపేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది కూడా ఆ అమ్మాయే. అవే సాక్ష్యం. అన్నీ ఫోటోలు తీసి, ఫిర్యాదు నంబరు నోటుపుస్తకంలో రాసిపెట్టింది.

మర్నాడు పొద్దున్నే బ్యాంకులో రాతపూర్వకంగా ఇచ్చి, ముద్ర వేయించుకున్నారు. మనం మనంగా మోసగాడికి పంపిన డబ్బుకి బ్యాంకు పూచీ పడదు. అప్పటికి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు 2017 నియమాలు మనకి తెలియకుండా ఖాతాలోంచి పోయినదాని మాటే చెప్పేవి. బ్యాంకు తప్పేమీ లేకుండా మూడోవాడు లాగేస్తే, మూడు పనిదినాల్లో చెబితే మన మీద నష్టం పడేది కాదు. ఓటీపీ మనమే ఇచ్చుకున్నా, బ్యాంకుకి చెప్పిన తర్వాత పోయేది మాత్రం బ్యాంకు నెత్తినే. ముప్ఫై రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోతే అంబుడ్స్‌మన్ ఉన్నాడు. మా పిల్లకి ఈ నియమం అక్కరకి రాలేదు. ముద్ర కాగితం మాత్రం తర్వాత కోర్టులో అక్కరకొచ్చింది.

ఇక పోలీసు స్టేషను. ఆధార్‌లో ప్రకాశం జిల్లా. ఇల్లు బాపట్ల జిల్లా. బ్యాంకు బ్రాంచి పల్నాడు జిల్లా. "ఇది మా పరిధి కాదమ్మా" అన్నాడు ఒకాయన. పక్కింటి అమ్మాయి, "పరిధి ఏదైనా జీరో ఎఫ్ఐఆర్ రాయొచ్చు సార్, పోయినేడు జూలై నుంచి కొత్త చట్టంలోనే ఉంది గదా" అంది. ఆయన ఆమెకేసి ఒకసారి చూసి, కుర్చీ చూపించాడు. రాశారు.

కొడుకు ఆ రాత్రే వచ్చాడు. చెప్పింది పిల్లే, ఫోనులో. "ఎవడో అడిగితే ఇచ్చేయడమేనా? నాకొక్క మాట చెప్పొద్దా అమ్మా?" అని అరిచాడు. ఆమె జవాబివ్వకుండా ఆయన కవరు చేతికిచ్చింది. అబ్బాయి చదివాడు. 1994లో వాడికి ఇంజినీరింగు సీటొచ్చింది. ధర పడిపోయిందని నాన్న చెబితే వదులుకుని చీరాలలో డిగ్రీలో చేరాడు. మరి అరవలేదు. నా మీద కూర్చుని, చాలాసేపటికి, "అన్నం పెట్టవే" అన్నాడు.

వారం తిరక్కుండా మరో ఫోను. మీ డబ్బు దొరికింది, విడిపించడానికి 15 వేలు కట్టండని. మోసపోయినవాళ్ళ నంబర్లు చేతులు మారతాయట. ఈసారి ఫోను నాకు ఆనించలేదు. "1930కి చెప్పి చేస్తానుండు నాయనా" అంది. వాడే పెట్టేశాడు. రాత్రిళ్ళు మాత్రం ఇప్పటికీ నిద్ర సరిగా పట్టదు. పెద్దవాళ్ళ కోసం 14567 ఉందని ఎవరో చెబితే ఒక మధ్యాహ్నం చేసి అరగంట మాట్లాడింది. ఏం మాట్లాడిందో చెప్పను. నేను విన్న మాటలన్నీ మీకెందుకు?

ఆగిన డబ్బు చేతికి రావాలంటే కోర్టు ఉత్తర్వు కావాలి. వకీలుకి ఎంతవుతుందోనని కొడుకు భయపడ్డాడు. ఆడవాళ్ళకి, ఆదాయం ఎంతున్నా, న్యాయసేవల సంస్థ ఉచితంగా వకీలుని ఇస్తుంది. 1987 చట్టమే. వాళ్ళ నంబరు 15100కి చేస్తే ఎక్కడికి వెళ్ళాలో చెప్పారు. రెండు వాయిదాలయ్యాయి. వాయిదా ఉన్న రోజు పిల్ల నాలోంచి కాగితాలు తీసి, వరసగా పేర్చి, పాలిథిన్ కవర్లో పెట్టుకుని తొమ్మిదింటి బస్సుకి వెళుతుంది. ఇప్పుడవి చీర కింద ఉండవు, పైనే ఉంటాయి. ఆయన కవరు కూడా వాటితోనే. కోర్టులో దానికి విలువ లేదని వకీలు చెప్పినా పట్టుకెళుతుంది.

నిన్న అబ్బాయి గాజుల్లో రెండు విడిపించి తెచ్చాడు. నేను మూత తెరుచుకునే ఉన్నాను. పిల్ల వాటిని నాలో పెట్టలేదు. చేతికి వేసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళింది.