తీర్పు ముందే అచ్చయింది, ఇక ఆడండి

పావగడ తాలూకాలో టెన్నిస్ బాల్ క్రికెట్ టోర్నమెంటు పోస్టరు ఎక్కడ కనపడినా కిందినుంచి పైకి చదవాలి. పైన ఉండేవన్నీ ఫొటోలే. మొదటి బహుమతి దాత, రెండో బహుమతి దాత, ట్రోఫీ దాత, బంతుల దాత, మజ్జిగ దాత, అందరూ చేతులు జోడించి నవ్వుతుంటారు. అసలు సంగతి అడుగున, ప్రింటింగ్ ప్రెస్సు పేరుకు కాస్త పైన, చీమల బారులాంటి అక్షరాల్లో ఉంటుంది: కమిటీ నిర్ణయమే తుది నిర్ణయం.

ఎంత పొదుపో చూడండి. దేశానికి రాజ్యాంగం రాసినప్పుడు 395 అధికరణలు పట్టాయి. క్రికెట్ నియమాలు రాసే లండన్‌లోని మెరిలిబోన్ క్లబ్బు 42 నియమాలు రాసి, వాటికి పిల్ల నియమాలు రాసి, ఇప్పటికీ దిద్దుకుంటూనే ఉంది. మన కమిటీకి మాత్రం ఒక్క వాక్యం చాలింది. ఓవర్లెన్ని, వైడు ఎక్కడినుంచి, చెట్టుకు తగిలితే ఎన్ని పరుగులు, చెయ్యి విసిరి బంతి వేస్తే ఏమిటి, బయటి ఆటగాడు అంటే ఎవరు? ఇవన్నీ గొడవ వచ్చాక తేలుతాయి. ఎవరి పక్షాన తేలుతాయో మాత్రం ఎంట్రీ ఫీజు కట్టిన రోజే తెలిసిపోతుంది.

ఇంతకీ కమిటీ అంటే ఎవరు? అధ్యక్షులవారి ఊరి జట్టు టోర్నమెంటులో ఉంటుంది. కార్యదర్శి ఆ జట్టు కెప్టెన్. కోశాధికారి ఓపెనింగ్ బ్యాట్స్‌మన్. స్కోరు రాసేది కోశాధికారి బామ్మర్ది. మైకులో కామెంటరీ చెప్పేవాడొక్కడే తటస్థుడు, ఎందుకంటే అతనికి మైకు మీద తప్ప ఇంకే జట్టు మీదా ప్రేమ లేదు. డ్రా తీసేటప్పుడు చీటీలు ఒక టోపీలో వేసి చిన్నపిల్లవాడి చేత తీయిస్తారు. ఆ పిల్లవాడు కూడా కార్యదర్శి కొడుకే అయినా, పసివాడు కదా, పక్షపాతం తెలియదు. అయినా ప్రతి ఏడూ కమిటీ జట్టుకే మొదటి రౌండులో బై వస్తుంది. చేతి మహిమ.

ఈ రాజ్యాంగంలో అతి పవిత్రమైనది స్థానికత సూత్రం: ఆటగాళ్లు తాలూకావాళ్లే అయి ఉండాలి. పావగడ భూగోళం తెలిసినవాడెవడైనా ఈ సూత్రం రాసినవాడికి దండం పెట్టాలి. పటంలో మనం తుమకూరు జిల్లా. మూడు పక్కలా ఆంధ్ర. మధుగిరి దారిలో జిల్లా కేంద్రానికి పోయే బస్సు మడకశిర నేలను దాటుకునే పోవాలి. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. సరిహద్దు దాటి అమరాపురం వైపు పోతే ఆంధ్ర ప్రభుత్వ ఓటర్లు కన్నడం మాట్లాడతారు. మన సంబంధాలు రొద్దంలో, పెనుకొండలో, కళ్యాణదుర్గంలో. పోస్టరు కన్నడంలో అచ్చవుతుంది, తగాదా తెలుగులో జరుగుతుంది. ఇట్లాంటి చోట లోకల్ ఎవరో, నాన్‌లోకల్ ఎవరో తేల్చడం సుప్రీంకోర్టుకైనా కష్టమే.

కమిటీకి కష్టం కాదు. మన జట్టులో ఉంటే లోకల్. ఎదుటి జట్టులో ఉండి సిక్సర్లు కొడితే నాన్‌లోకల్. అదే పిల్లవాడు సున్నాకు అవుటైతే అతని ఆధార్ కార్డు ఎవరికీ గుర్తు రాదు. సంభాషణ ఎప్పుడూ ఇదే తీరు:

"ఏమప్పా, ఆ ఎడమచేతి పిల్లోడు ఏ ఊరు?"

"మా ఊరే అన్నా."

"ఎప్పటినుంచి?"

"పొద్దున్నుంచి."

నాలుగు మైళ్ల దూరంలో, కంచెకు అవతల చేనున్న ఆంధ్ర పిల్లవాడు బయటివాడు. బెంగళూరులో పుట్టి, అక్కడే లెదర్ బాల్ లీగులో ఆడుతూ, శనివారం రాత్రి కారులో దిగినవాడు మాత్రం లోకల్. "వాళ్ల అవ్వది మన ఊరే గదప్పా, ఏటా నాగలమడికె సుబ్రహ్మణ్యస్వామి తేరుకు వస్తాడు" అని కార్యదర్శి సాక్ష్యం. దేవుడికి మొక్కు ఉన్నవాడికల్లా బ్యాటింగు హక్కు ఉంటే శనిమహాత్ముని గుడికి వచ్చే భక్తులతో పావగడ పట్టణం ఒక్కటే దేశానికి సరిపడా జట్లను పంపగలదు.

ఇక అంపైరింగు. ఇక్కడ మనది పాత సంప్రదాయం: బ్యాటింగు చేసే జట్టువాడే అంపైరుగా నిలబడతాడు. పనీపాటా లేకుండా తన వంతు కోసం కూర్చున్న తొమ్మిదో నంబరు ఆటగాడిని ఎండలో నిలబెట్టి న్యాయమూర్తిని చేయడం మన ఊళ్ల గొప్ప ఆవిష్కరణ. ఒక ఫైనలు చివరి ఓవరు తలుచుకోండి. హైస్కూలు మైదానం. ఒక వైపు బౌండరీకి సున్నం గీత, ఇంకో వైపు షామియానా తాడు, మూడో వైపు వేపచెట్టు. రెండు బంతులు, మూడు పరుగులు. అంపైరు చేతిలో ఆరు గులకరాళ్లు, బంతికొకటి ఎడమచేతినుంచి కుడిచేతికి మారుతుంది. బంతి కవర్లోకి పోయింది, ఇద్దరూ పరుగెత్తారు, త్రో నేరుగా వికెట్లకు తగిలింది. బ్యాటు గీతకు జానెడు ఇవతల గాలిలో ఉంది. మైకు "అవుట్! అవుట్!" అని అరిచేసింది. అంపైరు మాత్రం వంగి తన గులకరాళ్లు లెక్కపెట్టుకుంటున్నాడు.

"అంపైరన్నా, ఏమైంది?"

"కండ్లలో దుమ్ము పడిందప్పా, సరిగా సూడలా."

అవుటయినవాడు అంపైరుకు అక్క కొడుకు. దుమ్ముకు కూడా చుట్టరికం తెలుస్తుంది.

అప్పుడు షామియానా కింద కమిటీ కూడుతుంది. బౌండరీ దగ్గర కూర్చున్న పిల్లవాడు ఫోనులో తీసిన వీడియో తెచ్చి చూపిస్తాడు. బ్యాటు గాలిలో ఉన్నట్టు చక్కగా కనిపిస్తుంది. "వీడియో మన రూల్స్‌లో లేదు" అని కోశాధికారి. రూల్స్ లేని టోర్నమెంటులో రూల్స్‌లో లేనివి మాత్రం లెక్కలేనన్ని ఉంటాయి. వాదన సాగుతుండగా పొద్దు గూకుతుంది. తిరుమణి, వల్లూరు పక్క పదమూడు వేల ఎకరాల్లో పరిచిన పలకలతో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉన్న తాలూకా ఇది. ఆ కరెంటు ఎక్కడెక్కడికో పోతుంది. మైదానంలో మాత్రం వెలుతురు లేదు కాబట్టి మ్యాచి ఆపి బొమ్మాబొరుసు వేస్తారు. రూపాయి బిళ్ల కమిటీ జేబులోది.

చివరగా ముఖ్య అతిథి ఉపన్యాసం. "గెలుపోటములు సహజం, క్రీడాస్ఫూర్తి ముఖ్యం." ఈ మాట ఏ టోర్నమెంటులోనూ గెలిచిన జట్టు వైపు తిరిగి చెప్పగా నేను చూడలేదు. క్రీడాస్ఫూర్తి ఎప్పుడూ ఓడినవాళ్లకే పంచే ప్రసాదం.

స్ఫూర్తి అంటే ఏమిటో చూడాలనుకుంటే దూరం పోనక్కరలేదు, మన రాష్ట్రంలోని భద్రావతిలో పుట్టిన గుండప్ప విశ్వనాథ్‌ను చూడవచ్చు. 1980లో బొంబాయి వాంఖెడేలో ఇంగ్లండుతో స్వర్ణోత్సవ టెస్టు. కెప్టెన్ అతనే. బాబ్ టేలర్ కీపరుకు క్యాచ్ ఇచ్చాడని అంపైరు వేలెత్తాడు. బ్యాటుకు బంతి తగల్లేదని విశ్వనాథ్‌కు తోచింది. అప్పీలు వెనక్కి తీసుకుని టేలర్‌ను మళ్లీ పిలిచాడు. టేలర్, ఇయాన్ బోథమ్ కలిసి 171 పరుగులు జోడించారు, ఇండియా పది వికెట్ల తేడాతో ఓడింది. అదే మన తాలూకా ఫైనల్లో జరిగి ఉంటే విశ్వనాథ్‌ను మరుసటి బంతికే కెప్టెన్సీనుంచి తప్పించి, "ఎదుటి జట్టు దగ్గర ఎంత తిన్నావురా" అని అడిగి ఉండేవాళ్లు.

సొంత అంపైరు న్యాయం చేస్తాడన్న నమ్మకం ప్రపంచమంతా ఒకప్పుడు ఉండేది. పోగొట్టుకున్నారు, పోగొట్టుకుని బాగుపడ్డారు. 1986లో లాహోరులో పాకిస్తాన్, వెస్టిండీస్ టెస్టుకు ఇండియానుంచి వి.కె. రామస్వామి, పీలూ రిపోర్టర్ వెళ్లి అంపైర్లుగా నిలబడ్డారు. పాకిస్తాన్ గడ్డ మీద, పాకిస్తాన్ ఆటకు, ఇండియావాళ్లు తీర్పు చెప్పారు. ఆకాశం విరిగి పడలేదు. 2002నుంచి టెస్టులకు ఇద్దరు అంపైర్లూ బయటి దేశాలవాళ్లే ఉండాలని ఐసీసీ పద్ధతి పెట్టింది. లాహోరు ఢిల్లీని నమ్మింది. నాగలమడికె జట్టు ఆటకు వై.ఎన్. హొసకోటెనుంచి ఒక అంపైరును పిలవడం మాత్రం మనకు ఇంకా ప్రాణాంతకంగానే ఉంది.

క్రికెట్టునే ఎందుకు తప్పు పట్టాలి అంటారా? టేబులు మీది ఆటలు చూడండి. స్నూకర్ 1875లో జబల్‌పూర్‌లో బ్రిటిష్ సైనికాధికారుల మెస్సులో పుట్టింది. 1882లో ఊటీ క్లబ్బులో దాని నియమాలు కాగితం మీద పెట్టి గోడకు తగిలించారు. అక్కడ గోడ మీద రూల్స్ ఉన్నాయి, మన గోడ మీద దాతలు ఉన్నారు. ఆ ఆటలో ఇంకో వింత, బంతికి పొరపాటున చొక్కా తగిలితే ఆటగాడే ముందుకొచ్చి "ఫౌల్" అని ఒప్పుకోవడం మర్యాద. మన మైదానంలో అట్లా ఒప్పుకున్నవాడిని ముందు డాక్టరుకు చూపిస్తారు.

అమెరికాలో వారాంతపు సరదాగాళ్లు ఆడే పూల్ లీగులు ఇంకా ముదురు. అక్కడి పెద్ద సంఘం ఎయిట్ బాల్ ఆటలో ఒక్కొక్క ఆటగాడి నైపుణ్యానికి 2నుంచి 7దాకా అంకె వేస్తుంది. ఒక రాత్రి పోటీకి దిగే ఐదుగురి అంకెలు కలిపితే 23 దాటకూడదు. కొత్తవాడికి కూడా జట్టులో చోటు దొరకాలని ఆ ఏర్పాటు. వెంటనే తెలివైనవాళ్లు తయారయ్యారు. కావాలని సులువైన బంతులు పోగొట్టుకుని, తమ అంకె తగ్గించుకుని, ఫైనలు నాడు అసలు రూపం చూపిస్తారు. దీనికి అక్కడ పేరు కూడా పెట్టారు, శాండ్‌బ్యాగింగ్. మోసం అన్ని దేశాల్లోనూ ఉంది. కాకపోతే అక్కడ రూలును తప్పించుకోవడానికి కొంత కష్టపడాలి, ఇక్కడ తప్పించుకోవడానికి రూలే లేదు.

"ఏదో సరదాకు ఆడుకునే ఆట, దీనికింత రామాయణమా?" అని కమిటీ పెద్దలు విసుక్కుంటారని తెలుసు. సరదాయే అయితే ఎంట్రీ ఫీజు ఎందుకు? మనిషి నడుమెత్తు ట్రోఫీ ఎందుకు? బెంగళూరునుంచి ఎడమచేతి వాటం పిల్లవాడికి పెట్రోలు ఖర్చులెందుకు? సంతలో మేకను అమ్మేవాడు కూడా బేరం కుదిరాక ధర మార్చడు. ఆట మొదలయ్యాక నియమం మార్చే హక్కు మాత్రం మనకు సరదా పేరుతో దొరికింది. ఆ సరదా ఖరీదు కట్టేది ఓడిన జట్టు. గార్మెంట్ ఫ్యాక్టరీలోనో, సెక్యూరిటీ ఉద్యోగంలోనో వారమంతా నిలబడి, పండక్కి ఊరొచ్చి, తలా కొంత వేసుకుని ఫీజు కట్టిన పిల్లలు వాళ్లు.

ఇంకో సంగతి. సోలార్ పార్కుకు ఇదే తాలూకా రైతులు భూములు లీజుకిచ్చారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి ఐదు శాతం పెంపు. అదంతా కాగితం మీద ఉంది. చదవడం రానివాళ్లు చదివించుకుని వేలిముద్ర వేశారు. "కంపెనీ నిర్ణయమే తుది నిర్ణయం" అని ఆ కాగితంలో ఒకే వాక్యం ఉండి ఉంటే ఒక్క సెంటు కూడా ఇచ్చి ఉండేవాళ్లు కాదు. తండ్రికి ఉన్న ఈ పాటి వివేకం, ఎంట్రీ ఫారం మీద కళ్లు మూసుకుని సంతకం చేసే కొడుకుకు ఎందుకు లేదో అర్థం కాదు.

చేయవలసింది పెద్ద పనేమీ కాదు, ఒక పేజీ కాగితం. ఆటగాళ్ల పేర్లు మొదటి మ్యాచికి ముందే రాసి గోడకు అంటించాలి, తర్వాత మార్పు లేదు. బయటి ఆటగాళ్లు ఇద్దరనో ముగ్గురనో అందరికీ ఒకే లెక్క పెట్టాలి, సరిహద్దుకు ఏ పక్కనున్నా సరే. ఆ రోజు ఆడని మూడో జట్టునుంచి అంపైర్లు రావాలి. జట్టు ఉన్నవాడు కమిటీలో తీర్పు చెప్పకూడదు, కమిటీలో తీర్పు చెప్పేవాడు జట్టు దింపకూడదు. చీకటి పడితే ఏం చేయాలో పొద్దున్నే చెప్పాలి.

ఈసారి ఎవరైనా ఫీజు అడగడానికి వస్తే ముందు ఆ పేజీ అడగండి. ఇస్తే ఆడండి, ఓడినా చెయ్యి కలపండి. ఇవ్వకపోతే డబ్బులు జేబులోనే ఉంచుకోండి. జట్లు రాని టోర్నమెంటులో కమిటీ ఎంత తుది నిర్ణయం తీసుకున్నా, బంతి వేయడానికి మనిషి ఉండడు.