తిరుపతిలో ఇల్లుంటే చాలు!

ముక్కూమొహం తెలియనివాళ్ల ఇంట్లో ఊరికే బస చేయొచ్చని 2004లో కౌచ్‌సర్ఫింగ్ వెబ్‌సైట్ మొదలైతే, వీపున సంచి తగిలించుకు తిరిగే కుర్రకారు అదేదో ప్రపంచ వింతన్నట్టు మురిసిపోయారు. తిరుపతి వాళ్లు మాత్రం ముసిముసిగా నవ్వుకున్నారు. ఇక్కడ యాప్ అక్కర్లేదు. ఎప్పుడో శ్రీకాకుళం పెళ్లిలో ఒక్క పలకరింపు సరిపోతుంది.

"బావా, రేపు పొద్దున్నే ఏడుగురం దిగుతున్నాం. ఇబ్బందేం లేదుగా?"

"రాండి రాండి, ఇబ్బందేముండాది!"

తెల్లారేసరికి హాలంతా చాపలు, బాత్‌రూం ముందు క్యూ. మర్నాడు కొండ దిగొచ్చిన గుండ్ల గంధమంతా ఇంటావిడ ఉతికి ఆరేసిన దిండు గలీబులకే. 300 రూపాయల దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో ఇస్తారంటే వినరు. "మీ ఊరే కదా, ఎవరో ఒకరు తెలిసుంటార్లే!" అంటారు. నెలలో మొదటి మంగళవారం స్థానికుల దర్శనానికి టోకెన్ దొరకడం ఇంటాయనకే గగనం పాపం. వెళ్తూ వెళ్తూ తిరుపతి వాడి చేతిలోనే సగం లడ్డూ పెట్టి, "ప్రసాదం" అంటారు!

కౌచ్‌సర్ఫింగ్ వాళ్లయినా 2020లో సభ్యత్వానికి రుసుం పెట్టారు. మన బావకు ఆ నోరేదీ?

విదేశీయుణ్ణి ఇంట్లో ఉంచుకుంటే 24 గంటల్లోగా ఫారం నింపి అధికారులకు తెలపాలని నిబంధన ఉంది. కేంద్ర హోంశాఖ వారు దయచేసి దాన్ని చుట్టాలకూ వర్తింపజేయాలని తిరుపతి గృహస్థుల విన్నపం.