మీ కారు మీది మట్టి మా పెటూనియాలది కాదు

రిగ్గై, కువైట్.

గౌరవనీయులైన బిల్డింగ్ యజమాని గారికి,
(హారిస్ గారి ద్వారా)

విషయం: లిఫ్టులో అంటించిన నోటీసు.

అయ్యా,

తమరు క్షేమమని తలుస్తాను. మేమూ క్షేమమే. నిన్న సాయంత్రం దాకా మా మొక్కలూ క్షేమంగానే ఉండేవి.

ఈ ఉదయం లిఫ్టులో, ఫ్లాటు ఖాళీ ఉందన్న కాగితం పక్కన, తమరి నోటీసు వెలిసింది. అరబ్బీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. బాల్కనీల్లోని పూలకుండీలన్నీ ఈ వారంలోగా తీసెయ్యాలి, తియ్యకపోతే మన వాచ్‌మన్ హారిసే తీసి పారేస్తాడు. కుండీల్లోంచి కారిన బురదనీళ్ళు, తమరు సెలవులకు ఊరెళ్తూ కింద వదిలిపెట్టిన తెల్ల కారు మీద పడ్డాయట. నోటీసు మర్యాదగా ఉంది. "దయచేసి" అని రెండుచోట్ల ఉంది. అంతే మర్యాదగా నేనూ దయచేసి ఒక్కటి అడుగుతాను: నిన్న రాత్రి మీరు ఎక్కడున్నారు?

ఎందుకంటే నిన్న రాత్రి రిగ్గైలో ఉన్న మనిషి ఎవరూ ఆ నోటీసు రాయడు. అస్ర్ నమాజు వేళకు ఆకాశం తేటగా ఉంది, నేను గుడ్డలు కూడా ఆరేశాను. మగ్రిబ్ బాంగు వినపడేసరికి ఎదురు బిల్డింగ్ కనపడలేదు. తోజ్. దుమ్ముగాలి. కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కుతుండగానే ఉరుము, దాని వెనకే వాన. పైనుంచి దిగే చినుకు ఆ దుమ్ములోంచే దిగాలి కదండీ. నేలకు చేరేసరికి అది పలచటి బురద. ఆ బురద మీ కారును వెతుక్కుంటూ రాలేదు. బకాలా కొట్టు ముందు నిలబెట్టిన డెలివరీ బైకు సీటు మీద పడింది, మసీదు ముందున్న ఖర్జూరపు మట్టల మీద పడింది, ఫోర్త్ రింగ్ రోడ్డులో పోయే బస్సుల అద్దాల మీద పడింది. ఎదురు బిల్డింగ్ బాల్కనీల్లో తులసిమొక్క కూడా లేదు. దాని కింద కార్లన్నీ చుక్కలు చుక్కలుగానే ఉన్నాయి. హారిస్‌ను పంపి చూడండి. ఆ కార్లన్నిటినీ నా కుండీలే ఖరాబు చేశాయా? రాత్రిపూట లేచి రోడ్డు దాటి వెళ్ళొచ్చాయా?

సరాయాత్ అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? మీ తాతల నాటి మాట. మార్చి చివర మొదలై మే దాకా, ఏ సాయంత్రం వస్తుందో ఎవరికీ చెప్పకుండా వచ్చే గాలివాన. మీరు అతిథుల్ని కూర్చోబెట్టే దివానియాలో ఉజైరీ క్యాలెండర్ వేలాడుతూనే ఉండి ఉంటుంది. సాలిహ్ అల్ ఉజైరీ గారు నూరేళ్ళు దాటి బతికి 2022లో పోయారు. చుక్కలు చూసి కాలం చెప్పిన ఆ పెద్దాయన లెక్కల మీద ఇప్పటికీ ఈ దేశంలో ఇళ్ళు నడుస్తున్నాయి. ముద్దాయి ఎవరో ఆ క్యాలెండర్ తీసి చూస్తే తెలుస్తుంది. 2011 మార్చి 25న పట్టపగలు ఊరంతా చీకటి చేసిన దుమ్మునీ, 2022 మేలో విమానాలు ఆపించినదాన్నీ వదిలిపెట్టి, పది ఫిల్సు నాణెమంత పువ్వును పట్టుకున్నారు మీరు.

అసలు నష్టపోయింది ఎవరో కూడా చూడండి. పెటూనియా ఆకు మీద సన్నటి జిగురు నూగు ఉంటుంది. తోజ్ దాని మీద పడితే దులిపినా రాదు. నీళ్ళు కొట్టి కడిగితే పువ్వు చితికిపోతుంది. ఈ పూట మా ఊదారంగు పెటూనియాలు శెనగపిండి పట్టించుకుని స్నానానికి కూర్చున్నట్టున్నాయి. మీ కారుకైతే నెలజీతం తీసుకుని కడిగే కుర్రాడున్నాడు. పొద్దున్న ఏడింటికల్లా తళతళలాడుతోంది, నేను చూశాను. పెటూనియాలు ఇంకా అలాగే ఉన్నాయి.

అవి ఫిబ్రవరి ఆఖర్న, జాతీయ సెలవుల్లో, అల్‌రాయ్ నర్సరీల్లో కొన్నవి. ఊరంతా జెండాలు, రోడ్ల మధ్య మడుల్లో పువ్వులు, పావు దీనారు తగ్గించమని బేరం. తెచ్చీ తేగానే మీవాళ్ళు ముసలమ్మ చలి అని పిలిచే ఆ రోజులు. మల్లె ముడుచుకుపోయింది, జెరేనియం ఆకుల అంచులు ఎర్రబడ్డాయి. సరే, లోపల పెట్టాను. ఆ తరవాతి వారం ఏసీ వెయ్యాల్సొచ్చింది. ఆగ్నేయం నుంచి తేమగాలి, బాల్కనీ పలకలు చెమర్చాయి, బంతికి బూజు. దానికి మందు తెచ్చేలోగా వాయవ్యం గాలి తిరిగి అంతా ఎండిపోయింది. స్వెటరు మడిచి పెట్టెలో పెట్టడం, మళ్ళీ తియ్యడం. ఇన్నిటినీ తట్టుకుని ఏప్రిల్ దాకా వచ్చిన మొక్కలండీ ఇవి. కాగితాల పువ్వు ఒక్కటే దేనికీ జంకలేదు. అందులో రంగురంగులుగా కనపడేది ఆకే, అసలు పువ్వు మధ్యలో తెల్లగా చిన్నది. దాని మీది నిన్నటి తోజ్ కూడా ఒక్క ఊపుకు రాలిపోయింది. మనుషుల్లోనూ కొందరుంటారు అలా, నేను మాత్రం ఆ జాతి కాను.

ఇంకో మాట. ఇది కోపంతో అంటున్నది కాదు, లెక్క చెబుతున్నాను. మీ కారు నిలబెట్టే చోటికి సరిగ్గా పైన మా ఏసీ నీళ్ళ పైపు ఉంది. అది గోడ మధ్యలో విరిగి ఎన్నాళ్ళయిందో హారిస్‌ను అడగండి. ఆ నీళ్ళు మీ కారు మీద పడటం లేదంటే, నేను పైపు కింద బకెట్టు పెట్టబట్టి. ఆ బకెట్టు నీళ్ళే మొక్కలకు పోస్తాను. ఏసీ నీళ్ళలో ఉప్పుండదు, వేళ్ళకు మంచిది. కుండీలు పోతే బకెట్టూ పోతుంది. అప్పుడు మీ కారు మీద ఏం పడుతుందో, రోజుకు ఎంత పడుతుందో మీరే చూసుకోండి. నీళ్ళు వృథాగా కార్చే మనిషిని కాను. షత్ అల్ అరబ్ నుంచి పడవల్లో మంచినీళ్ళు తెచ్చుకున్న ఊరు ఇది, సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్రభుత్వ ప్లాంటు 1953లో గానీ రాలేదు. మాదీ వర్షం కోసం మెడ ఎత్తి చూసే కడప జిల్లానే. కుండీ కింద పళ్ళెం పెట్టకుండా చెంబెడు నీళ్ళు పొయ్యను.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి మేడ మీది ట్యాంకు సంగతి. దానికి నీడ వేయించమని అడిగి అడిగి నోరు నొచ్చింది. మే రానివ్వండి, చల్లనీళ్ళ కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. గీజరు ఆపేసి, అందులో నిలవున్న నీళ్ళే చల్లనీళ్ళని పోసుకోవాలి. లిఫ్టు సంగతి నేను ఎత్తను. అద్దె పెంచిన సంగతీ ఎత్తను. మేడ మీద కుండీలు తియ్యమన్నప్పుడు మాత్రం ఒక్క మాట అనలేదు, గుర్తుందా? 2024 జూన్ 12న మంగఫ్‌లో బిల్డింగ్ తగలబడిన తరవాత అది. యాభై మంది దాకా పోయారు, మా ఆంధ్రావాళ్ళే ముగ్గురు. దారికడ్డంగా గడ్డిపోచ కూడా ఉండకూడదంటే ఉండకూడదు, అన్నీ కిందికి దించుకున్నాం. అది ప్రాణాల సంగతి. ఇది కారు రంగు సంగతి. రెంటికీ ఒకటే నోటీసు భాష ఏమిటండీ?

వసంతం చూడాలంటే మీకు ఎడారిలో టెంటు ఉంటుంది. నవంబరు నుంచి మార్చి దాకా అక్కడే. వానలు బాగా పడిన ఏడు అర్ఫజ్ పొద పసుపుపచ్చగా విరగబూస్తుందని మీ పిల్లలు ఫొటోలు పెడతారు. మాకున్న వసంతం ఒక బాల్కనీ వెడల్పు. దానికి కూడా ఏసీ డబ్బా అడ్డం.

2025లో ఉగాదీ మీ ఈదూ ఒకే రోజు పడ్డాయి, మార్చి 30న. ఆ రోజు మా గుమ్మానికి కట్టిన బంతిపూల తోరణం ఈ కుండీల్లో పూసిందే. నిచ్చెన వేసుకుని కట్టింది మీ హారిస్. వేసవిలో మేం ఊరెళ్తే తాళంచెవి ఆయన చేతికే ఇస్తాం. ఆయన పనులన్నీ అయ్యాక రాత్రిపూట వచ్చి మొక్కలకు నీళ్ళు పోస్తాడు, డబ్బిస్తే తీసుకోడు. ఇప్పుడు వాటిని పారెయ్యమని మీరు చెప్పింది ఆయనకే. పొద్దున లిఫ్టు దగ్గర కనపడి, నా మొహం చూడలేక "ఖల్లివల్లి మేడమ్, వదిలెయ్యండి" అని గొణిగి వెళ్ళిపోయాడు. ఆ మనిషి చేత ఈ పని చేయించకండి.

మీరు అంత కష్టపడక్కర్లేదు కూడా. మే ఆఖరు దాకా ఆగండి చాలు. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు పదకొండు నుంచి నాలుగు వరకు ఆరుబయట కూలివాళ్ళ చేత పని చేయించకూడదని ఈ దేశంలో నిబంధన ఉంది. మొక్కలకు అలాంటి నిబంధన ఏదీ లేదు. మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైన దేశంలో పెటూనియా, జెరేనియం జూలై చూడవు. వాటంతటవే పోతాయి. నోటీసు ఖర్చు లేకుండా, హారిస్ చెయ్యి పడకుండా. మిగిలేది కాగితాల పువ్వు, ఎడారి గులాబీ, మల్లె. మల్లెకు నిన్నటి వాన తరవాత మొగ్గలు కనపడుతున్నాయి. మీరు రాజ్కీ అనేది అదే. పూసిన రోజున హారిస్ చేత మీ ఇంటికి పంపుతాను, అమ్మగారికి ఇవ్వండి.

ఈ మూడింటినీ గోడవైపుకు జరుపుతాను. పెద్ద పళ్ళేలు తెస్తాను. బాల్కనీ కడగడం మానేసి తడిగుడ్డతో తుడుస్తాను. ఇంకా నమ్మకం కుదరకపోతే మీ కారుకు కవరు నేనే కొనిస్తాను, శుక్రవారం సంతలో దొరుకుతాయి. కారు ఏ సైజో హారిస్‌కు చెప్పి పంపండి.

ఇట్లు,
మూడో అంతస్తు, రోడ్డువైపు బాల్కనీ