సైకిలుకి ముక్కు మొలిచింది

మొత్తానికి సైకిలుకి ముక్కు మొలిచింది. 2023 ఆగస్టులో అది వచ్చినప్పటి నుంచి వర్జీనియాలోని మా షాంటిలీలో ఏ గృహప్రవేశానికి వెళ్లినా, ఏ సత్యనారాయణ వ్రతానికి వెళ్లినా మగాళ్లు చేరిన మూల ఇదొకటే మాట. ఇళ్ల వడ్డీ రేట్లు, గ్రీన్ కార్డు తేదీలు అన్నీ వెనకబడ్డాయి. "స్పీడ్ స్నిఫర్ చూశావా అన్నా?" అంటాడు ప్రసాదం ప్లేటు పట్టుకున్న కుర్రాడు. హ్యాండిల్ కింద ముందుకు పొడుచుకొచ్చిన ఆ బుడిపెని చూడకపోతే ఇంక అమెరికా వచ్చి ఏం లాభం?

ఆ బుడిపె ఉన్న సైకిలు పేరు ఎస్‌వర్క్స్ టార్మాక్ ఎస్‌ఎల్ 8. ఫ్రేము 685 గ్రాములు, వచ్చిన కొత్తలో సైకిలు 14,000 డాలర్లు. పాత ఎస్‌ఎల్ 7 కంటే 40 కిలోమీటర్లకి 16.6 సెకన్లు ఆదా అని కంపెనీ మాట. గంటకి 45 కిలోమీటర్ల వేగంతో తొక్కితేనే సుమా! ఈ చివరి ముక్క మాత్రం మా వాట్సాప్ గ్రూపులో ఎవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు.

ఆ 16.6 సెకన్లు ఆదా చేసే వైభోగం చూసి తీరాలి. శనివారం పొద్దున్న ఆరింటికి బయల్దేరదామని శపథం పట్టినవాళ్లు ఏడున్నరకి గ్యారేజీ తలుపు ఎత్తుతారు. ఎస్‌యూవీ వెనక ర్యాకు బిగించాలి. కార్బన్‌కి గీత పడకుండా ఇంట్లో ఆవిడ యోగా మ్యాటు కొంత కోసి ర్యాకుకి చుట్టాలి. ఒకాయన బూట్లు మరిచిపోయి సగం దారిలోంచి వెనక్కి తిరుగుతాడు. అవి పెడల్‌కి తగులుకునే బూట్లు, వాటితో తొక్కడమే గాని నడవడం కుదరదు. ఫ్రంట్ రాయల్‌కి యాభై మైళ్లు ఐ-66 మీద. మధ్యలో లిండెన్ దగ్గర యాపిల్ హౌస్‌లో డోనట్లు. ఎందుకండీ అంటే "కార్బ్ లోడింగ్" అంటారు. అక్టోబరు, ఆకులు రంగు మారే రోజులు, స్కైలైన్ డ్రైవ్ అనే కొండ రోడ్డు గేటు దగ్గర అర మైలు కార్ల బారు. లోపలికి వెళ్లాక సైకిళ్లు దింపుకుని, గార్మిన్ సైకిలు కంప్యూటరుని ఫోనుకి కలిపి, కొండ బ్యాక్‌గ్రౌండ్‌లో ఫోటో, కొండ లేకుండా ముక్కు ఒక్కటే కనబడేట్టు ఇంకో ఫోటో. పెడల్ మీద కాలు పడేసరికి పదకొండున్నర. ఇప్పుడిక ఆదా మొదలు!

స్కైలైన్ డ్రైవ్ పొడవు 105 మైళ్లు. మనవాళ్ల స్కైలైన్ డ్రైవ్ 4.6 మైళ్లు. డిక్కీ రిడ్జ్ విజిటర్ సెంటర్ ఉన్నది అక్కడే మరి. రెస్ట్‌రూములుంటాయి, కూర్చోడానికి బల్లలుంటాయి, పులిహోర డబ్బా విప్పడానికి అనువైన చోటు. అంతవరకు అంతా ఎక్కుడే. ఆ ఎక్కుడులో వీళ్ల వేగం కంపెనీ చెప్పిన 45లో పావు. గాలిని చీల్చడానికి పట్టే శక్తి వేగం సగమైతే ఎనిమిదో వంతుకి, పావైతే అరవై నాలుగో వంతుకి పడిపోతుంది. ఇంజినీరింగు చదివినవాళ్లకి ఇది నేను చెప్పాలా? కొండ మీద మీతో పోట్లాడేది గాలి కాదు నాయనా, భూమి. దాని ముందు ముక్కులు పనిచెయ్యవు.

నిజంగా వేగమైన ముక్కు చూడాలంటే ఇంత దూరం పోనక్కర్లేదు. మన ఊళ్లోనే ఉడ్వార్-హేజీ మ్యూజియంలో ఎస్‌ఆర్-71 బ్లాక్‌బర్డ్ విమానం ఉంది. 1990 మార్చి 6న పడమటి తీరంలోని లాస్ ఏంజలిస్ నుంచి వాషింగ్టన్‌కి 64 నిమిషాల 20 సెకన్లలో వచ్చింది. చూడ్డానికి టికెట్టు లేదు, పార్కింగుకే డబ్బులు. 14,000 డాలర్లు మిగులు.

బరువు సంగతి ఒక్కటి చెప్పి ఊరుకుంటాను. రేసుల్లో సైకిలు 6.8 కిలోలకి తగ్గకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ నియమం. పందెం తొక్కేవాళ్లకే ఆ బాధ, మనవాళ్లకి లేదు. మా వీధిలో ఒకాయన మంచినీళ్ల సీసా పెట్టుకునే కేజ్ బోల్టులు రెండు ఊడదీసి, వంటింటి తూకం మీద పెట్టాడు. వాటిని తీసి టైటానియంవి పెట్టాడు. అంకె తగ్గేదాకా ఊపిరి బిగబట్టాడు. తగ్గింది. పక్కన గిన్నె పట్టుకుని నిలబడ్డ ఆవిడ, "అయితే ఆ తూకం ఇలా ఇవ్వండి, ఇడ్లీకి పప్పు నానెయ్యాలి" అంది. ఆ ఇంట్లో తూకం అవసరం ఎవరికో నాకు అర్థమైంది.

ఛార్జింగ్ అయిపోతే మారని గేర్ల గురించి, కాళ్లకి చేయించుకున్న షేవింగ్ గురించి నేనేమీ అనను.

పోనీ, ఇంత సరదా ఉన్నవాళ్లు పక్కనే ఉన్న డబ్ల్యూ అండ్ ఓడీ ట్రెయిల్ తొక్కవచ్చుగా? 1968లో మూతపడ్డ రైలు దారి మీద వేసిన 45 మైళ్ల బాట, షర్లింగ్టన్ నుంచి పర్సెల్‌విల్ దాకా కార్ల బెడద లేదు. అబ్బే, అది చదునుగా ఉంటుందట. పిల్లలూ ముసలాళ్లూ తొక్కుతారట. ఎలివేషన్ రాకపోతే స్ట్రావా యాప్‌లో ఏం పెట్టుకుంటాం అంటారు. మా ఊళ్లోని రాజధాని మందిరానికి పండగ రోజున కారు పెట్టుకునే చోటు దొరక్క తిట్టుకుంటూ చుట్టూ తిరిగేది వీళ్లే. సైకిలు మీద వచ్చినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి.

ఒక్కడున్నాడు. గుడికి కాదు, పనికి. రాత్రి పదకొండు దాటాక రూట్ 50 మీద చూడండి. ఆరు లేన్ల రోడ్డు అంచున, ఏదో స్టోరులో కొన్న బరువైన సైకిలు. హ్యాండిల్‌కి రబ్బరు బ్యాండుతో కట్టిన ఫోను, అదే దీపం. పక్కన వేలాడే ప్లాస్టిక్ సంచీ. మనం వీకెండ్‌కి ఆర్డరిచ్చిన బిర్యానీ వండి, గిన్నెలు కడిగి ఇంటికి పోతున్న మనిషి. కాలిబాట కొంత దూరం ఉన్నట్టే ఉండి ఆగిపోతుంది. అక్కణ్ణుంచి దిగి, తడిగడ్డిలో సైకిలు తోసుకుంటూ నడుస్తాడు. మళ్లీ రోడ్డెక్కగానే వెనక నుంచి హారను. ఆ హారను కొట్టిన కారు నన్ను దాటిపోయింది. వెనక సైకిలు ర్యాకు ఉంది. ర్యాకుకి యోగా మ్యాటు ముక్క చుట్టి ఉంది.

నాకు నవ్వు అక్కడితో సరి. సైకిలుకి మూడడుగుల ఎడం ఇవ్వలేకపోతే లేను మారి దాటాలని 2021 జులై నుంచి వర్జీనియాలో చట్టం. మా గ్రూపులో అందరికీ కంఠతా వచ్చు, తాము తొక్కేటప్పుడు. కొండ మీద పికప్ ట్రక్కు దగ్గరగా పోయిందని రెండ్రోజులు గ్రూపులో కుతకుతలాడినవాడికి ఊళ్లో చీకట్లో తొక్కే మనిషి అడ్డంగా కనిపిస్తాడు. ఒకడిది హాబీ అట, ఇంకొకడిది నిర్లక్ష్యమట. సిగ్గు లేదూ? సైకిలు దారుల గురించి కౌంటీ మీటింగు పెడితే ఈ రంగురంగుల జెర్సీల్లో ఒక్కటీ కనబడదు. మా ఇళ్ల వెనక బాట వేస్తే ఇంటి ధర పడిపోతుందేమో అని అడగాలంటే మాత్రం ముందు వరసలో కూర్చుంటారు. కొత్తిమీర కట్ట కోసం అర మైలు కారేసుకుపోయి, సైక్లింగ్ కమ్యూనిటీ అని నా ముందు అనకండి.

కొండలెక్కండి, ఎవరొద్దన్నారు? ముక్కులు కొనుక్కోండి, మీ డబ్బు. కాకపోతే అందులోంచి ఒక ఇరవై డాలర్లు తీసి, మీకు బిర్యానీ వండే ఆయన సైకిలుకి ముందొక దీపం, వెనకొకటి కొనివ్వండి. మొహమాటంగా ఉంటే పేరు చెప్పకుండా కౌంటరులో ఇచ్చి పోండి. ఆ తర్వాత కౌంటీ మీటింగుకి వచ్చి, ఆయన నడిచే గడ్డిలో బాట ఎప్పుడు వేస్తారని గట్టిగా అడగండి. జెర్సీ వేసుకునే రండి, ఫరవాలేదు.