ముద్దులు, పీనుఁగులు

అమెరికా నవలాకర్త్రి నోరా రాబర్ట్స్ 1991లో వెలువరించిన ‘కార్నల్ ఇన్నోసెన్స్’ను చదివి ముగించిన పాఠకలోకమున, మిసిసిపీలోని ఆ కల్పితపు చిన్నయూరిలో హత్యలు చేసినదెవ్వరను ప్రశ్న తేలినను, గ్రంథమెట్టిదను ప్రశ్న మాత్రము నేఁటికిని తేలలేదు. వాయులీనవిదుషి యగు నాయిక విశ్రాంతికై మాతామహుల యింటికి వచ్చి, కొలనులో శవమును గాంచినంతనే, శృంగారప్రియులు ‘మా ముద్దుల నడుమ నీ పీనుఁగేల?’ యనియు, అపరాధపరిశోధనాసక్తులు ‘పీనుఁగు చల్లారకముందే యీ ముద్దులేల?’ యనియు నేకకాలమున గ్రంథకర్త్రిపై విరుచుకుపడుదురు. వేసవి యుక్కపోత, ఊరివారి వదరుఁబోతుతనము కన్నులఁ గట్టినవని మెచ్చువారు కొందఱు. నూఱు పుటలు తగ్గించినచో హత్యలు త్వరత్వరగా జరిగెడివని విసుగుకొను దయామయులు మఱికొందఱు.

వీరందఱికంటె ఘనుఁడు, కడపటి పుటను ముందే తిరగవేసి, పిమ్మట ‘ఇందుత్కంఠ లేదు’ అని తీర్పు చెప్పు మహానుభావుఁడు. (ఇట్టివారు మా కార్యాలయమునందును గలరు, పుస్తకము మాత్రము ఎన్నఁడును కొనరు.) ఈ కథను 2011లో టెలివిజను చిత్రముగాఁ దీసినపుడు, నవలను నిందించినవారే ‘నవల యెంత బాగుండెనో!’ యని నిట్టూర్చి యుందురని మా యూహ.