విద్యా ప్రయోజనార్థం మాత్రమే

అర్ధరాత్రి క్యాజువాలిటీలో తీసిన సీటీకి ఈ రోజుల్లో రెండు రిపోర్టులు పుడుతున్నాయి. మొదటిది సర్జన్‌కి. పొడిపొడి మాటలు, చివర ‘క్లినికల్ కోరిలేషన్ అవసరం’ అనే రక్షరేకు. రెండోది ఫాలోవర్లకి. ‘డయాగ్నసిస్ చెప్పండి చూద్దాం’ అన్న సవాలు, ఒక ఎమోజీ, అడుగున ‘విద్యా ప్రయోజనార్థం మాత్రమే’. ఆ ముక్క రాసేస్తే ఏం పెట్టినా చెల్లుతుందని ఎమర్జెన్సీ రేడియాలజిస్టుల్లో ఒక వర్గానికి గట్టి నమ్మకం.

కేసుల ఎంపికకూ ఓ లెక్కుంది. అపెండిసైటిస్ పనికిరాదు, రోజూ వచ్చేదే. బైకు మీంచి పడ్డవాడి తల సీటీ నార్మల్‌గా ఉంటే అసలే పనికిరాదు. నార్మల్‌ని నార్మల్ అని తెగించి రాయడంలోనే సగం నైట్ డ్యూటీ గడిచినా సరే. మలద్వారంలో సీసా ఇరుక్కున్న ఎక్స్‌రే మాత్రం పండగే. పేగు చిల్లుపడి డయాఫ్రం కింద గాలి చేరిందా అన్నది అక్కడ నేర్చుకోవలసిన సంగతి. అది ఎవరూ అడగరు. అది ఏ బ్రాండు సీసా అని అడుగుతారు. పిల్లవాడు మింగింది రూపాయి బిళ్లా, బటన్ బ్యాటరీయా అన్నది అంచు లోపల కనిపించే రెండో వలయం పట్టిస్తుంది. బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కాల్చేయగలదు. ప్రతి ఊళ్లో డ్యూటీ డాక్టరుకూ తెలియాల్సిన ముక్క ఇదే. కానీ సీసా ముందు వలయం ఏం నిలుస్తుంది!

గోప్యత బాధ్యత ఒక నల్లపట్టీది. అది పేరును కప్పుతుంది. మూలనున్న తేదీని, సెంటర్ పేరును వదిలేస్తుంది. పైన ‘నిన్న హైవే మీద బస్సు బోల్తాపడి వచ్చిన 34 ఏళ్ల వ్యక్తి’ అన్న వివరణ. మిగతాది జిల్లా పేజీ చెబుతుంది. స్కాన్ చిత్రాలు పెట్టొద్దని, లైకులు కొనొద్దని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న నియమాలు తెచ్చింది, అదే నెల 23న పక్కన పెట్టింది. మూడు వారాల నీతి! మళ్లీ దిక్కు 2002 నియమావళే. అప్పటికి ఫేస్‌బుక్ పుట్టనే లేదు.

పోనీ, చదువైనా అబ్బుతుందా? సీటీలో నాలుగు వేల పైచిలుకు బూడిదరంగు ఛాయలుంటాయి, ఫోనుకెక్కే జేపీఈజీలో 256. స్ట్రోక్ తొలిగంటల్లో మెదడులో వచ్చే మసక మార్పు పట్టాలంటే విండో బిగించాలి, పొరలు ముందుకీ వెనక్కీ తిప్పాలి. 2005లో మొదలైన రేడియోపీడియా వెబ్‌సైటులో కేసును అలా తిప్పి చూడవచ్చు. ఇక్కడ మాత్రం ఒకే పొర, దాని మీద ఎర్రబాణం. బాణం చూశాక జవాబు చెప్పలేనివాడు ఉండడు. కిందంతా ‘గ్రేట్ క్యాచ్ సార్’లు. ఆ క్యాచ్ ఒక మనిషి బృహద్ధమనిలో చీలిక. ఆయన బతికాడో లేదో పోస్టులో ఉండదు.

తన కంట పడక జారిపోయిన ఫ్రాక్చరు ఏ ఖాతాలోనూ కనిపించదు. పొరపాట్లన్నీ ‘బయట సెంటర్లో మిస్ అయిన కేసు’ పేరుతోనే వస్తాయి. ఆ బయట సెంటర్‌కీ ఒక ఖాతా ఉంది. అందులో వీళ్లే బయట సెంటర్.